అరువు తెచ్చుకున్న రోహిణి

మొన్న ఆదివారం షేక్‌పేట నుంచి మా అక్క మనవరాలు వచ్చింది. వచ్చీ రాగానే సోఫాలో కూలబడి, పుట్టిన తేదీ, సమయం కొడితే ఫోన్ చెప్పిన జాతకం నా ముందు పెట్టింది. శని, చంద్రుడు ఒకే ఇంట్లో కలిశారట, అలా కలిస్తే ఉద్యోగం నిలకడగా ఉండదట, మనసుకు ఎప్పుడూ దిగులేనట. అందుకని జూబ్లీహిల్స్‌లోని ఎడిటింగ్ స్టూడియోలో సోమవారం చేరాల్సిన పని వదులుకుందామా అని పిల్ల ఆలోచన. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆ ఇద్దరూ నా జాతకంలోనూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నారు మరి, డెబ్బై ఏళ్లు కావస్తోంది.

మా మేనమామ గుళ్లో పూజారి, జాతకాలు కూడా చూసేవాడు. నాది అనూరాధ, వృశ్చికంలో నీచపడ్డ చంద్రుడు, పక్కనే శని. ఈ పిల్లకు ఏదైనా ఆలస్యంగానే దక్కుతుందని, కన్నీళ్లు కంటిదాకా రాకుండా గొంతులోనే ఆగిపోతాయని నేను వింటుండగానే అందరికీ చెప్పేవాడు. నాకంటే మూడేళ్లు పెద్దదైన అక్కది రోహిణి, ఉచ్చలో ఉన్న చంద్రుడికి తోడు గురువు, ఇంకేం కావాలి! అక్క గ్లాసు పగలగొడితే దిష్టి పోయిందనేవాళ్లు, నేను పగలగొడితే శని అనేవాళ్లు. నిజం చెప్పొద్దూ, నా దిగులులో సగం గ్రహాలు ఇచ్చినది కాదు, విని విని నేర్చుకున్నదే.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, సినిమావాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే ఇటు తరలివస్తున్న రోజులవి. ఫిలింనగర్‌లో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. వెంగళరావు నగర్‌లో అక్కావాళ్లు కిరాయికి ఉండే రెండు గదుల ఇంట్లో నేనూ సర్దుకుని, అక్కడి నుంచి బస్సెక్కి, ఆ తర్వాత గుట్ట ఎక్కి డబ్బింగుకు వెళ్లేదాన్ని. ఆరేళ్లపాటు నావన్నీ గుంపు గొంతులే. పెళ్లి సందడిలో ఒక కేక, బావి దగ్గర ఒక గుసగుస, అంతే. ఇంట్లో ‘వచ్చిండు’, మైకు ముందు ‘వచ్చాడు’. బస్సు దిగేలోపల నాలుక మార్చుకోవడం మాత్రం బాగా అలవాటైంది.

అటువంటి నాకు ఒక సినిమాలో కథానాయికకు గొంతు ఇచ్చే అవకాశం తలుపు తట్టింది. అప్పటికి రెండు సినిమాల్లో డబ్బు పోగొట్టుకున్న ఆ నిర్మాత సిద్ధాంతిని అడగకుండా కాఫీ కూడా తాగేవాడు కాదు. బొంబాయి నుంచి వచ్చిన కథానాయికకు తను పుట్టిన వేళ తెలియదు. కథానాయికలో సగం గొంతే కదా, గొంతు ఇచ్చే అమ్మాయి జాతకం చాలని సిద్ధాంతి సెలవిచ్చాడు. రేపటికల్లా జాతకం తెమ్మన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. నీచ చంద్రుడు, పక్కన శని, ఆ కాగితం చూపిస్తే నా గతి మళ్లీ గుంపు గొంతులేనని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాను.

సంగతి విన్న అక్క లేచి వెళ్లి ట్రంకుపెట్టె తీసి, నాలుగు మూలలా పసుపు పూసిన తన జాతకం తెచ్చి నా సంచిలో పెట్టింది. “గిది తీస్కపో. పెట్టెల పండుకొని ఏం జేస్తది? జర నీకన్న పనికొస్తది” అంది. తప్పని తెలిసీ తీసుకెళ్లాను. దాంతో నా వయసు మూడేళ్లు పెరిగింది. సినిమాల్లో ఉంటూ వయసు ఎక్కువ చెప్పుకున్న ఆడది నేనొక్కదాన్నేనేమో!

సిద్ధాంతి మురిసిపోయి రోహిణికి సరిపడే ముహూర్తం పెట్టాడు. ఆ రోజు మృగశిర. మేనమామ దగ్గర వేళ్ల మీద తారలు లెక్కపెట్టడం నేర్చుకున్నదాన్ని కనుక ఊరుకోలేక లెక్క వేశాను. అక్కకు సంపత్తార, సంపదనిచ్చేది. నాకు నైధన తార, అంటే చావుకు గుర్తు, ఏ పనీ మొదలుపెట్టకూడని రోజు. నిజం చెబితే అవకాశం పోతుంది, చెప్పకపోతే ఆ తారలో నిలబడాలి. ప్రాణం పోతే పోనీ గానీ ఆ మైకు వదలనని పళ్లు బిగించి వెళ్లాను.

మొదటి రోజు మొదటి మాట శుభంగా ఉండాలని మా రివాజు. అందుకని కథలో ఎక్కడో చివర ఉన్న “అంతా మంచే జరుగుతుంది నాన్నా” అన్న మాట ముందు చెప్పించారు, చప్పట్లు కొట్టారు. తర్వాత వచ్చింది అసలు పరీక్ష, తండ్రి శవం ముందు కూతురి ఏడుపు. దర్శకుడికి గుండెలు బాదుకునే ఏడుపు కావాలి. నాకు రాదు. నాలుగుసార్లు ప్రయత్నించాక ఇంకొకరిని పిలిపించమన్న మాట అద్దం అవతల వినిపించింది. ఇంకొక్కసారి అని బతిమాలి, ఈసారి ఏడవాలని చూడకుండా, చిన్నప్పుడు నలుగురి ముందూ ఏడుపు దిగమింగుకున్నట్టే దిగమింగుకున్నాను. మాట సగంలో తెగింది, ఊపిరి మాత్రం వణికింది. దీపాలు వేసేసరికి మేనేజరు కళ్లు తుడుచుకుంటున్నాడు. దర్శకుడు ఇదే ఉంచమన్నాడు.

ఆ సినిమా ఆడింది, నా గొంతు నిలబడింది. మనసులో ముల్లు గుచ్చుతుంటే మేనమామ దగ్గరికెళ్లి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆయన మళ్లీ వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. “శని పనోళ్ల దేవుడు బిడ్డా, పని జేసేటోళ్లతోని ఆయనకు కొట్లాట లేదు. నేనే నీకు సగం జెప్పి భయపెట్టిన” అన్నాడు. ఆ మాటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి గొంతులో ఆగలేదు.

అబద్ధం మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రతి సినిమా పూజలోనూ నా పేరు పక్కన రోహిణే చదివేవాళ్లు. “పూజలు నీకు, పుణ్యం నాకు” అని అక్క పకపకా నవ్వేది. గురుచంద్రులు ఇస్తామన్న ఐశ్వర్యం ఎప్పటికీ రాలేదు గానీ, ఆ రెండు గదుల్లోనే ఉంటూ ఆ నవ్వుతోనే బతికి, పోయిన ఏడాది కన్నుమూసింది.

సోమవారం పొద్దున మనవరాలిని చెయ్యి పట్టుకుని ఫిలింనగర్ గుడికి తీసుకెళ్లాను, అక్కడి నుంచి నేరుగా స్టూడియో దగ్గర దింపాలని. నన్నెరిగిన పూజారి అడగకుండానే రోహిణీ నక్షత్రం అని మొదలుపెట్టాడు. ఆపాను. అది మా అక్కదని, నాది అనూరాధ అని నలుగురికీ వినిపించేలా చెప్పాను. పిల్ల నా వైపు వింతగా చూసింది. దారిలో కథంతా చెబితే విని, స్టూడియో గేటు దగ్గర కారు దిగి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది.

ఇప్పుడు జాతకం క్షణంలో వచ్చేస్తుంది, మేనమామ అక్కర్లేదు, పసుపు మూలల కాగితం అక్కర్లేదు. ఎవరి ఫోన్‌లో వాళ్ల జాతకం. పెట్టె తీసి తమది చేతిలో పెట్టేవాళ్లే లేరు. ఇంటికొచ్చాక నా వివరాలూ నా ఫోన్‌లో కొట్టి చూడాలనిపించింది, మళ్లీ వద్దనుకున్నాను. శని చంద్రుల పక్కన మా అక్క కూడా ఉందని దానికెలా తెలుస్తుంది?