గట్టి గొంతు కాపురం

ఈ కొండ ఊరికి వచ్చిన వారం తిరక్కుండానే నాకు గయ్యాళి అని పేరొచ్చింది. అది నాదాకా వచ్చేసరికి సగం వానాకాలం గడిచిపోయింది. ఇలాంటి సంగతులు ఊరందరికీ ముందు తెలిసి, అసలు మనిషికి ఆఖరున తెలుస్తాయి.

మేము సూరత్ వాళ్లం. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చి అక్కడ స్థిరపడ్డారు. మేము అక్కడే పుట్టాం, అక్కడే పెళ్లి చేసుకున్నాం. మా ఆయన మీసాలు రాకముందు నుంచే అక్కడి ఖటోదరా పేటలో సాంచాలు నడిపాడు. సాంచా అంటే మరమగ్గం. అవి ఆడే షెడ్డును మేము ఖాతా అంటాం. మా గది ఒక ఖాతా మీదే ఉండేది. కింద సాంచాలు మొదలైతే పైన అలమారలో గ్లాసులు గలగలలాడేవి. ఉప్పు అందుకోమని చెప్పాలన్నా అరవాల్సిందే. ఖాతా లోపలైతే అరిచినా లాభం లేదు కాబట్టి మగవాళ్లు ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూ, చేతులతో సైగలు చేసుకుంటూ పని నడిపించేవారు. "సూరత్‌ల మెల్లగ మాట్లాడెటోడు దొంగన్న కావాలె, కొత్తల్లుడన్న కావాలె" అనేది మా అమ్మ. ఆమె పెంపకం కాబట్టి నా గొంతు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ గది మేము వదిలింది ఆయన దగ్గు వల్ల. దారాల పీచు లోపలికి పోయి పోయి ఊపిరితిత్తులు చెడుతున్నాయని, ఆ పని మానకపోతే తన దగ్గరికి రావడం కూడా దండగని డాక్టర్ తేల్చి చెప్పాడు. అంతకుముందు ఒక వానాకాలం ఖాతావాళ్లందరం బస్సు మాట్లాడుకుని డాంగ్ కొండల్లో తిరిగొచ్చాం. ఆ ఒక్క రాత్రి ఆయన దగ్గకుండా నిద్రపోయాడు. నాకు అది గుర్తుంది. డాక్టర్ మాట విన్న రోజే ఎక్కడికి పోవాలో నిర్ణయించేశాను.

చుట్టాలు ఊరుకుంటారా? "అడివిలకు పోయి ఏం తింటరే? ఒక్క తెలుగోడన్న ఉన్నడా ఆడ?" అని మా పెద్దాడపడుచు దెప్పింది. "మన తాతలు సూరత్ వచ్చిన్నాడు ఎవలున్నరు వదినా ఈడ? మనం రాంగనే తెలుగోళ్లు మొలిచిన్లు గదా" అన్నాను. కుట్టుమిషన్ బస్సు పైకెక్కించి, ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి బయల్దేరాను. బార్డోలీ దాటేదాకా చెరకు తోటలు, ఆ తర్వాత ఎప్పటికో టేకు అడవి. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నాకు కడుపులో తిప్పింది కానీ మనసులో బెదురు మాత్రం లేదు.

బస్టాండు పక్కనే చిన్న గది దొరికింది. చీరలకు ఫాల్, పీకో, జాకెట్లు కుట్టడం నా పని. సూరత్‌లో చీరల మధ్యే పుట్టినదాన్ని, నా చేతి కుట్టుకు ఎవరూ వంక పెట్టలేరు. ఇక్కడ ఆ పని చేసేవాళ్లు లేరు కాబట్టి మొదటి నెల నుంచే గిరాకీ వచ్చింది. ఆయన గుండీలు, హుక్కులు కుట్టేవాడు. ఊరి గాలికి దగ్గు మెల్లగా తగ్గింది. నాగ్లీ రొట్టె, అంటే మన రాగి రొట్టే, దానికి కూడా అలవాటుపడ్డాం.

ఒకటే వింత. ఆడవాళ్లు వచ్చేవారు, బట్ట ఇచ్చేవారు, నేను మాట కలిపేలోగా వెళ్లిపోయేవారు. వాళ్లలో వాళ్లు మెట్ల మీద కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకునేవారు. నేను వెళితే చెంగులు దులుపుకుని లేచేవారు. కొత్త కదా, సిగ్గుపడుతున్నారని అనుకున్నాను. నన్ను చూసి సిగ్గుపడేవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

మా ఇంటామె పైఇంట్లో ఉంటుంది. వయసు మళ్లిన మనిషి, అందరూ బా, అంటే అమ్మ, అని పిలుస్తారు. ఆమె గొంతు ఎంత సన్నమంటే, నీళ్లొచ్చాయని చెప్పినా అదేదో దాచిపెట్టాల్సిన సంగతిలా వినిపిస్తుంది. ఇక్కడ అందరిదీ దాదాపు అదే తీరు. ఇళ్లు కొండవాలుగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై ఇంట్లో చెంచా పడితే కింది ఇంట్లో తెలుస్తుంది. అరవాల్సిన అవసరం వాళ్లకు పుట్టి బుద్ధెరిగి రాలేదు.

ఒక మధ్యాహ్నం బా మా గుమ్మంలోకి వచ్చి, లోపలికి రాకుండానే, పండగ దాటాక ఇల్లు ఖాళీ చేయమని చెప్పింది. నాకు అర్థం కాలేదు. అద్దె సరిగ్గానే ఇస్తున్నాం, గోడకు ఒక మేకు కూడా కొట్టలేదు. ఎందుకని నిలదీశాను.

"బేన్, మా వీధిలో కొట్లాటలు అలవాటు లేదు" అంది బా. "మూడు పూటలా ఆయన్ను అట్లా తిడతావు. పాపం, ఒక్క మాట తిరిగి అనడు. తల ఊపి, పెట్టింది తిని లేచిపోతాడు. చూసే మాకే కడుపు తరుక్కుపోతోంది."

అప్పుడు వెలిగింది నాకు. వాళ్లకు తెలుగు రాదు. వాళ్లకు వినబడేది నా కేక, కనబడేది ఆయన వంచిన తల. ఆ కేక ఏమిటంటే "పెరుగేసుకుంటవా? ఇంకింత కూర ఎయ్యన్నా?" అని. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే మండుకొచ్చింది. మొగుడికి కొసరి కొసరి వడ్డించి గయ్యాళి పేరు తెచ్చుకున్న ఆడది ఈ లోకంలో నేనొక్కదాన్నేనేమో.

కానీ ఈ ఊరు వదిలితే మళ్లీ సూరతే. మళ్లీ సాంచాలు, మళ్లీ ఆ పీచు. ఆయనకు ఇంకో పని రాదు. అది తలుచుకున్నాక కోపం మింగేశాను. తిట్టడం లేదని చెప్పినా ఎలాగూ నమ్మరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, సరే, మంచి చేసి చూపిస్తానని పట్టుపట్టాను. పట్టుపడితే నేను సాధించని పని లేదు. మర్నాటి నుంచి బా కంటే సన్నగా మాట్లాడాను. మిషన్ ముందు కూర్చున్నా, పొయ్యి ముందు కూర్చున్నా తల వంచుకుని గుసగుసే.

ఫలితం నేను అనుకున్నదానికంటే ముందే వచ్చింది. పక్కింటామె వెదురు కొమ్ముల కూర పంపింది. జాకెట్టు కోసం వచ్చినవాళ్లు కాసేపు కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకామె మెట్ల మీద జరిగి నాకు చోటిచ్చింది. బా మళ్లీ ఖాళీ మాటెత్తలేదు. ఈ ఊరిని గెలిచేశానని లోపల పొంగిపోయాను.

ఆయన మాత్రం మునుపటిలా లేడు. మొదట్లో నేనేదన్నా "ఆఁ?" అని ముఖంలోకి చూసేవాడు. నేను కుట్టు మీంచి తలెత్తకుండానే, ఇంకాస్త ఓపిగ్గా, అంతే సన్నగా చెప్పేదాన్ని. తర్వాత ఆ "ఆఁ?" కూడా మానేశాడు. అన్నం తినగానే బస్టాండుకు పోయి, వచ్చే పోయే బస్సులను చూస్తూ కూర్చునేవాడు. వయసు మీద పడుతోంది, ఒంటరిగా కూర్చోవాలనిపిస్తుందేమోనని వదిలేశాను.

ఒక సాయంత్రం వాన వెలిసింది. వాకిట్లో కూర్చుని నేను నాగ్లీ గింజలు చెరుగుతున్నాను. ఆయన వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"ఇగో" అన్నాడు. "నీకు ఈడ మంచిగ లేదు. నాకెరికే. నా దగ్గు కోసమని నీ చుట్టాలను, నీ గల్లీని అన్ని ఇడిసిపెట్టి వస్తివి. నాతోని మాట్లాడుడే బంద్ జేసినవ్. నాలుగు దినాలసంది గాదు, ఎప్పటిసంది చూస్తున్న. పోదాం పా సూరత్‌కు. సేఠ్‌ను అడిగితే మళ్ల సాంచాల మీద పెట్టుకుంటడు. నా దగ్గు గురించి జర గుడ ఫికర్ పెట్టుకోకు."

చేతిలో చేట ఆగిపోయింది. నేను ఆయనతో మాట్లాడటం ఒక్కపూట కూడా మానలేదు. పొద్దున లేస్తూనే మొదలుపెట్టి పడుకునేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. నేను శంఖం కూడా ఊదలేదు, గుసగుసలాడాను.

ఆయనకు చెవులు పోయాయని అప్పుడు తెలిసింది నాకు. సూరత్‌లో ఎలా తెలుస్తుంది? ఖాతాలో అందరూ పెదాలే చూస్తారు, గల్లీలో అందరూ అరుస్తారు. అక్కడ చెవిటివాడికి, చెవులున్నవాడికి తేడా ఎవరు కనిపెట్టారు! ఆయనకు కూడా తెలియదు. ప్రపంచం సద్దుమణిగిందని, నేను అలిగానని మాత్రమే తెలుసు. అలిగిన పెళ్లాం కోసం మళ్లీ ఆ పీచులోకి పోయి ఊపిరి పోగొట్టుకోవడానికి సిద్ధపడి వచ్చాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. నా దుఃఖమెప్పుడూ నోట్లోంచే వస్తుంది.

"ఎవలు జెప్పిన్లు నీకు నాకు మంచిగ లేదని? నేను మాట్లాడుతనే ఉన్న! నీకే ఇనొస్తలేదు! సూరత్ లేదు గీరత్ లేదు! సాంచాల పేరెత్తితే చూడు మళ్ల!"

కొండ అటువైపుకి కూడా వినబడి ఉంటుంది. వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. బా మెట్లు దిగి, చేతనైనంత వేగంగా వచ్చి, నాకూ ఆయనకూ మధ్య నిలబడింది, నేను చేయి చేసుకుంటానేమోనని. నేను ఆమె వైపు తిరిగాను. అప్పటిదాకా తెచ్చిపెట్టుకున్న సన్నగొంతు ఇక నాకు అక్కర్లేదనిపించింది.

"బా, ఆయనకు వినబడదు. ఇన్నేళ్లు సాంచాలు ఆయన చెవులు తినేశాయి. నేను తిట్టలేదు, ఎప్పుడూ తిట్టలేదు, అన్నం తినమన్నాను. నేను మెల్లగా మాట్లాడితే మీ అందరికీ బాగుంటుంది, ఆయనకు ఈ భూమ్మీద మాట్లాడే మనిషే లేకుండా పోతుంది. కాబట్టి నేను అరుస్తాను. మీకు ఓపిక లేకపోతే ఈ ఊళ్లోనే మందపు గోడలున్న ఇల్లు ఏదైనా చూపించు. ఊరు మాత్రం వదలను."

బా ఆయన వైపు తిరిగి, తన మామూలు గొంతుతో "భాయ్" అంది. ఆయన నా మొహమే చూస్తున్నాడు, ఇంకా భయంగానే. మళ్లీ "భాయ్" అంది. ఆయన తిరగలేదు. బా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లను ఒకసారి చూసి, కొంగు సర్దుకుని, ఊపిరి తీసుకుంది.

"భాయ్! చా తాగుతావా!"

అలవాటు లేని గొంతు కదా, మధ్యలో చీలి కీచుమంది. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. మొహమంతా నవ్వయింది. తాగుతానని తల ఊపి, నా వైపు వంగి, తను మెల్లగా చెబుతున్నాననుకుంటూ వీధంతా వినేలా అన్నాడు.

"పాపం, ముసలామెకు గొంతు మంచిగైనట్టుందే. మనం వచ్చిన్నాటిసంది చూస్తున్న, పెదాలు ఆడుతయి గని మాట రాదు. మూగదేమో అనుకున్న."

నేను నవ్వబోయి ఏడ్చేశాను. బాకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. ఆమె అప్పటికే సగం మెట్లెక్కి, అక్కడి నుంచే వెనక్కి తిరిగి, ఇంకా గట్టిగా, చక్కెర ఎంత వేయమంటావని ఆయన్ను అడుగుతోంది.