ఇంజను మూత మీది రెక్సిన్

హైటెక్ సిటీ కొత్తగా తెరిచిన ఏడాది అది. కొత్తగూడలో బండ్ల సీట్లు కుట్టే రిబ్కా, పొద్దున్నే డ్రైవరు సాయిలు వ్యానుకు ఇంజను మూత మీద రెక్సిన్ అంటించి పంపింది. డ్రైవరు పక్కనే ఉండే ఆ ఇనుప మూత బాగా కాలుతుందని తెలిసినా, తొందరలో మామూలు జిగురే వాడింది.

మధ్యాహ్నం దుకాణం ముందు ఎండలో ఉన్న రేకు మీద, అదే జిగురుతో అంటించిన ముక్క జారిపోయి రిబ్కాకు కనిపించింది. ఎండకే ఇలాగైతే ఇంజను వేడికి? ఊడిన రెక్సిన్ బ్రేకు కింద ఇరుక్కుంటే? వ్యాను నిండా ఆఫీసులకు పోయే పిల్లలే.

దుకాణం అలాగే వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తింది. "ప్రభువా, వాళ్లను కాపాడు" అని గొణుక్కుంటూ, హారన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ నిలబడింది.

సాయంత్రానికి వ్యాను వచ్చింది. రిబ్కా చేతులు చాచి దానికి అడ్డం నిలిచింది.

"ఏందక్కా, గట్ల అడ్డమొస్తవ్?" అన్నాడు సాయిలు.

రిబ్కా లోపలికి వంగి చూసింది. రెక్సిన్ సగం ఊడి బ్రేకు పక్కనే వేలాడుతోంది.

"నువ్వు చూడలేదా తమ్మీ?"

"చూసిన. కాలితోటి నెట్టుకుంట వచ్చిన. ఫికర్ చెయ్యకు."

ఆమె ఊడిన రెక్సిన్‌ను అక్కడికక్కడే పీకేసింది.

మర్నాడు మూడు రకాల జిగుర్లు తెచ్చింది. ఇనుప ముక్కలకు రెక్సిన్ అంటించి, బాగా ఆరనిచ్చి, వేడి పెనం మీద పెట్టి లాగి చూసింది. పట్టు విడవనిదాన్నే ఎంచుకుని, సాయిలు వ్యాను మూతకు మళ్లీ రెక్సిన్ అంటించింది. అయినా నమ్మకం కుదరక అంచుల వెంట రేకు పట్టీ పెట్టి మరలు బిగించింది. వ్యాను కదలబోతుంటే ఆపి, మరలన్నీ ఇంకోసారి బిగించి చూసింది.