పదకొండో అధ్యాయం కోసం తిట్టిన తిట్లు

ఆ రోజుల్లో నాకు కోపమే తప్ప హాస్యం తెలియదు. ఆ రోజులంటే నా పడుచుతనం అనుకోకండి. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్త, నాకప్పటికే అరవై దాటాయి. అయినా ఏ పనిలో కొత్తగా చేరినవాడైనా ఆ పనికి కుర్రవాడే. ఇవాళ సినిమాల్లో జనాన్ని నవ్వించి బతుకుతున్న నాకు, ఆ వృత్తిలో బాల్యం దేవరకొండ గుట్ట కింద, నలభై నల్ల గొర్రెల మధ్య మొదలైంది.

నేను బడి మొహం చూడలేదు. గొర్రెల వెంట తిరుగుతూ, గోడల మీది రాతలు, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చాను. అలా పూర్తిగా చదివిన మొదటి నవల ఒక గొర్రెల కాపరి కుటుంబం కథ. మా ఇంటామె ఉన్ని వడుకుతుంటే ఏటా దాన్ని చదివి వినిపించేవాడిని. పదకొండో అధ్యాయంలో, మొగుడు పోయిన కాపరి మనిషి అతని గొంగడిని దొడ్లో పరుస్తుంది. గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి దాని చుట్టూ పడుకుంటాయి. ఆమె ఏడవదు. అంతే అధ్యాయం. అక్కడికి రాగానే మా ఇంటామె రాట్నం ఆపి, "జర ఆగు, మల్లొకసారి సదువు" అనేది. ఆమె చనిపోయిన ఏడాదే ఆ నవలను సినిమాగా తీస్తున్నారనీ, గొర్రెలు కావాలనీ కబురొచ్చింది. కిరాయి కూడా అడక్కుండా తోలుకుపోయాను. (నాకు కావలసింది ఒక్కటే, ఆ అధ్యాయాన్ని తెర మీద చూడడం.)

తీరా చూస్తే ఆ చోట గొంగడికి బదులు పాట పెట్టారు! హీరోయిన్ మెరిసే లంగా వేసుకుని, చేతులూపి గొర్రెలను పిలిచింది. ఒక్కటీ కదలలేదు. పొద్దున్నుంచి బిగబట్టుకున్న నా కోపం కట్టతెంచుకుంది.

"ఏం సారూ, మొగడు సచ్చిన మనిషి గిట్ల ఎగురుతదా? నవల సదివినవా, అట్ట సూసి తీస్తున్నవా? గా పదకొండో అధ్యాయం యాడ పారేసినవ్?"

నా గొంతు వినగానే నలభై గొర్రెలూ ఉరికొచ్చి నా వెనక నిలబడ్డాయి. (పుట్టినప్పటి నుంచీ నా తిట్లు విని పెరిగినవి, వాటికి తిట్టే పిలుపు.) నేను అడుగేస్తే అవీ వేశాయి. డైరెక్టర్ వెనక్కి వెనక్కి నడిచి కుర్చీలో కూలబడ్డాడు. అందరూ పడీపడీ నవ్వారు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"పెద్దాయనా, ఇలాగే ఇంకోసారి తిడతారా?" అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ.

"తిడ్త. గా అధ్యాయం తీస్తవా మరి?"

"తీస్తానండీ."

తీశాడు కూడా. మా ఇంటి గొంగడే పరిచాం. గొర్రెలు వచ్చి పడుకున్నాయి. హీరోయిన్ ఏడవలేదు. నేనే పక్కకు వెళ్లాను.

సినిమా వచ్చిన రోజు అలవాటుగా రెండు టికెట్లు అడిగి, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. నా తిట్లకు హాలు హాలంతా ఊగిపోయింది. అధ్యాయం మాత్రం రాలేదు. నిడివి ఎక్కువైందని కోసేశారట. బయట జనం నన్ను గుర్తుపట్టి, "ఓ గొర్ల తాతా, జర మమ్ముల గూడ తిట్టే!" అని చుట్టుముట్టారు.

"నవ్వకుర్రి! అసలు కత ఇనుర్రి!" అని ఆ అధ్యాయం మొత్తం చెప్పాను. గొంగడి పరిచిందంటే నవ్వారు. ఏడవలేదంటే ఇంకా నవ్వారు. "కడుపు నొస్తాంది తాతా, ఇగ ఆపు" అన్నాడొకడు. ఆపేసి ఇంటిదారి పట్టాను.

వారం తిరక్కుండా డైరెక్టర్ ఫోన్ చేశాడు. "ఇంకో సినిమా ఉందండీ. మీరు ఊరికే కోప్పడితే చాలు."

నోటికొచ్చినన్ని తిట్టాను. అటునుంచి గదినిండా నవ్వులు వినబడ్డాయి. ఫోన్ పెట్టేద్దామనుకుని ఇల్లంతా ఒకసారి చూశాను. ఆమె పోయాక ఈ నాలుగు గోడల మధ్య నా కోపానికి మారుమాట చెప్పినవాళ్లు లేరు. పౌరుషం గల మనిషినని ఊళ్లో నాకు పేరు. అయినా "ఎన్నడు రావాలె?" అని అడిగాను.

"వచ్చే నెలండీ."

"గన్ని దినాలా?" అన్న నా గొంతు గుర్తొస్తే, ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను.