బొట్టు పెట్టుకున్న రోబోలు

నేను బడికి పోయి చదువుకోలేదు. మా బాపు ఇంట్లనే అక్షరాలు నేర్పిండు. అట్లాంటి నాకు ఒక సినిమాల చెయ్యి పెట్టే భాగ్యం దొరికిందంటే, అది భగవంతుడి దయ, మా అక్క ఓపిక.

తెలంగాణ కోసం సమ్మె జోరుమీదున్న రోజులు. భూపాలపల్లిలో బస్సులు లేవు. బొగ్గుబాయి పని ఆగి బాపు ఇంటిపట్టునే ఉన్నడు. అక్కకు హైదరాబాద్‌ల బొమ్మల సినిమాలు నేర్పే కాలేజీలో సీటు కావాలె. దానికి తను తీసిన చిన్న సినిమా ఒకటి పంపాలె. గడువు దసరా తెల్లారి సాయంత్రం దాకనే.

తెల్ల అట్టలతో రెండు రోబోలను, నల్ల అట్టలతో చిన్న బొగ్గుబాయిని చేసినం. రోబోలు మొదటిసారి బొగ్గుబాయిలకు పనికి పోవుడే కథ. రోబోను వెంట్రుకవాసి జరపాలె, ఫోటో తీయాలె, మళ్లీ జరపాలె. ఫోటోలన్నీ కంప్యూటర్‌ల వరుసగా తిప్పితే అవి నడిచినట్టు కనిపిస్తయి. జరిపే పని నాది. లోపల్లోపల రామనామం అనుకుంటూ జరిపేదాన్ని, చెయ్యి వణకకపోయేది. పండుగ నాటికి రోబోలు బాయి ముందరికి చేరినయి. లోపలి సీను ఒక్కటే మిగిలింది.

దసరా పొద్దున చూస్తే రెండింటి నొసళ్ల మీద కుంకుమ. పండుగకు మేనమామ బండి మీద మహబూబాబాద్ నుంచి వచ్చిన మా అమ్మమ్మ, మేం అవ్వ అనేటోళ్లం, సైకిలుకు, కుట్టుమిషన్‌కు, బాపు పారకు బొట్లు పెట్టుకుంట వీటికీ పెట్టింది. తడి కుంకుమ అట్టలోకి ఇంకిపోయింది.

"ఏంది అవ్వా గిది?" అన్నది అక్క. "ఇప్పటిదాక లేని బొట్టు బాయి లోపలికి పోంగనే ఎట్ల వస్తది?"

"మిషినే గదనే. మిషిన్లకు ఇయ్యాల పెట్టకపోతే ఎప్పుడు పెడ్తరు?"

"మీద తెల్ల కాయితం అంటిస్త."

"పండుగపూట పెట్టిన బొట్టు మూస్తవా? నీ సీటు కోసమే మొక్కుకుంట పెట్టిన, బిడ్డా."

అక్క కాయితం కింద పెట్టింది. నాకూ మూయబుద్ధి కాలేదు. కొత్తవి చేసేంత సమయం లేదు. నేను దేవుడి గూడు దిక్కు చూసుకుంట కూసున్న. కొంచెంసేపటికి అక్కే లేచి, "అవ్వా, నీ చెయ్యి జర ఇటియ్యి" అన్నది.

రోబోలను కెమెరాకు వీపు తిప్పి బాయి ముందర నిలబెట్టింది. అవ్వ చెయ్యి మెల్లగ వచ్చి వాటి ముఖాల దిక్కు వంగి, వెనక్కి పోవాలె. తర్వాత అవి కొంచెం కొంచెం ఇటు తిరిగితే నొసట బొట్టు. పనికి పోయేటోళ్లను ఇంటి పెద్దామె సాగనంపినట్టయితది.

"జరుపు అవ్వా. ఆగు. మళ్లీ జరుపు. ఆగు."

"గిట్ల ఆగుకుంట ఆగుకుంట పెడ్తె దేవుడు నిద్రపోతడు" అన్నది అవ్వ. చెయ్యి మాత్రం కదలనియ్యలేదు.

మధ్యాహ్నానికి లోపలి సీను కూడా తీసినం. కరెంటు ఉన్నంతసేపట్ల అక్క అన్నీ కలిపింది. తెల్లారి మేనమామ సీడీ పట్టుకొని బండి మీద స్టేషన్‌కు పోయి హైదరాబాద్ రైలెక్కిండు. తోవల సమ్మె కోసం రోడ్డు మీదనే వంటావార్పు చేస్తున్నోళ్లు ఆపిన్రట. సంగతి విని, ఇంత అన్నం పెట్టి మరీ పంపిన్రట. వాళ్లెవరో తెలియదు, ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంట.

అక్కకు సీటొచ్చింది. ఆ చెయ్యి ఎవరిదని కాలేజీ వాళ్లు అడిగిన్రట. నేను దేవుడి ముందు ఇంకో దీపం పెట్టిన. అవ్వ మాత్రం ముఖం ముడుచుకుంది.

"గంతమంది చూస్తరని ముందే చెప్తే మంచి గాజులు ఏసుకోకపోదునా?"