అద్దాల పెట్టెలో అప్పన్న

నాకు పోర్టు వర్క్‌షాపులో ఉద్యోగం వస్తే సింహాచలం తీసుకొచ్చి అప్పన్నకి దండం పెట్టిస్తానని మా అమ్మ మొక్కుకుంది. ఉద్యోగం వచ్చింది. నేను వెళ్లనన్నాను. పరీక్ష రాసింది నేను, పాసయింది నేను, మధ్యలో ఈయనెవరండీ? అప్పట్లో పచ్చి నాస్తికుణ్ణి. యూనియన్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని సాయంత్రానికొక దేవుణ్ణి రద్దు చేసేవాణ్ణి.

అమ్మ వాదించలేదు. "నువ్వు దేవుడి ముందు తల వొంచీదాకా నాను సేప ముట్టను" అంది, అంతే. హార్బరు పక్కన కాపురం ఉంటూ, చేప లేనిదే ముద్ద దిగని మనిషి! నాకు మాత్రం వండేది. రుచి చూడదు కదా, ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు చప్పిడి. నోరెత్తితే తల వొంచమంటుంది. ఉక్కు ఫ్యాక్టరీకి ఇంకా శంకుస్థాపన రాయి తప్ప ఏమీ లేని రోజులవి; బస్సులోంచి ఆ రాయి కనిపిస్తే దానికీ చేతులెత్తేది. ఇలా ఏళ్లు గడిచాయి. ఆవిడ చిక్కిపోతుంటే నాకు లోపల పీకుతూనే ఉండేది. అయినా సిద్ధాంతం సిద్ధాంతమే.

డెబ్భైల చివర్లో సెలవు ప్రయాణానికి రైలు ఖర్చులిచ్చారు. తిరుపతి అంది అమ్మ. మద్రాసు మ్యూజియం అన్నాను. "వెయ్యేళ్ల నాటి కంచు విగ్రహాలమ్మా. దేశదేశాల వాళ్లొచ్చి సూత్తారు. పూజారి ఉండడు, హుండీ ఉండదు." ఆవిడ వెంటనే "సరే, పద" అంది. గెలిచాననుకున్నాను, వెర్రివెధవని.

మ్యూజియం గుమ్మంలో చెప్పులు విడిచేసింది. వద్దంటే వినదు. వెనకొస్తున్న కుటుంబం అది చూసి తమవీ విడిచేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లకి అనుమానమే రాలేదు. కాసేపటికి అక్కడో చెప్పుల గుట్ట. కాపలా మనిషి అరవంలో నెత్తి కొట్టుకుంటుంటే, అమ్మ అతన్ని పూజారనుకుని తీర్థం కోసం చెయ్యి చాపింది.

నేను మాత్రం బూట్లతో టకటకా నడుస్తూ ఉపన్యాసం అందుకున్నాను. మైనంతో బొమ్మ చెయ్యడం, పైన మట్టి పూయడం, మైనం కరిగించి కంచు పొయ్యడం. అమ్మ వింటూనే ప్రతి అద్దాల పెట్టె ముందూ లెంపలేసుకుంటోంది. ఒకచోట ఆగిపోయింది. సింహం ముఖం, మనిషి ఒళ్లు.

"ఓర్నాయనో, మన అప్పన్నేరా!"

"అప్పన్నా కాదు, గిప్పన్నా కాదు. ఎక్కడిదో రాసుంటాది, ఆగు."

రాసే ఉంది, కానీ చీమతలకాయంత అక్షరాలు, అవీ పెట్టె అడుగున. కళ్లజోడు సర్దుకుని వొంగాను. కనపడలేదు. ఇంకాస్త వొంగాను. నుదురు అద్దానికి తగిలింది. ఊరి పేరు చదివి, మహా గర్వంగా లేచి చూద్దును కదా, అమ్మ రెండు చేతులూ జోడించి ఏడుస్తోంది.

"అమ్మా, సదవడానికి వొంగినానే!"

"దేనికైతే ఏటి? ఆయన ఎదట వొంగినావా, నేదా? నాను సూసినాను. పద, ఆకలేత్తంది."

ఎదుటి హోటల్లో కూర్చోగానే చేపల పులుసు చెప్పింది. ఉద్దేశం లేని నమస్కారం నమస్కారం కాదని నేను వాదిస్తూనే ఉన్నాను. ఆవిడ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఎంతసేపు నమిలిందో! తర్వాత ఇంకో ముక్కకి ముల్లు తీసి నా ఆకులో వేసింది.

"తిను నాన్నా. పెసాదం."

నాస్తికుణ్ణి కదా, కళ్లకద్దుకోకుండానే తిన్నాను.