కర్సితి అక్క తిన్న పైపిండి

మా వీధి చివర కర్సితి అక్క మూకుడు పొయ్యి మీదకెక్కిందంటే పుర్వొకెర్తొ పట్నం వెళ్లే వాన్‌ల వాళ్లు కూడా బండి నెమ్మది చేస్తారు. ఆమె వేసేది మెండోవాన్. నానిన సోయా గింజలు ఉడకబెట్టి, పొట్టు తీసి, తోడు చల్లి, అరటాకుల్లో పల్చగా కట్టి ఉంచుతుంది. రెండు రోజులకు తెల్లటి బూజు అల్లుకుని గింజలన్నీ ఒక్క రేకవుతాయి. అదే టెంపే. దాన్ని ఉల్లికాడలూ ధనియాల పొడీ వేసిన జారుపిండిలో ముంచి, నూనెలో వేసి, కరకరలాడకముందే తీసేస్తుంది. మెండోవాన్ చేతిలో మెత్తగా వాలిపోవాలి. పైఊరి వాళ్లెవరైనా ఇంకాస్త వేగనివ్వమన్నారా, అక్కకు ఒళ్లు మండుతుంది.

"కరకరలాడాలంటే అప్పడాలు కొనుక్కో నాయనా. నా మూకుడు జోలికి రాకు," అంటుంది.

నేను పక్క కొట్లో బట్టలు కుడతాను. ఆ వాసన ముక్కుకు తగులుతుంటే సూదిలో దారం ఎక్కించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆమె మొగుడు రస్మన్ బావ ఇటుకల బట్టీలో పనిచేసి మానేసిన మనిషి. పెళ్లయిన నాటి నుంచి పొద్దున్నే మొదటి వాయి ఆయనదే. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, తియ్యటి టీ తాగుతూ, లోకంలో ఇంకేమీ అక్కర్లేనట్టు తింటాడు. అలాంటి మనిషికి ఒకరోజు మెట్లెక్కుతుంటే గుండెలో పట్టేసింది. ఆరోగ్య కేంద్రంలో రక్తం చూసి కొవ్వు బాగా పెరిగిందన్నారు. అది దిగకపోతే, గుండె మళ్లీ పట్టేస్తే ఈసారి వదలకపోవచ్చని కూడా చెప్పారు. అక్క ఆ రోజు కొట్టు తెరవలేదు. ఆమె కొట్టు మూయడం నేను చూడటం అదే మొదలు.

"నా చేత్తోనే పెట్టానే! ఇన్నేళ్లూ నా చేత్తోనే పెట్టానే!" అని నా మిషను పక్కన కూర్చుని ఏడ్చింది.

ఆరోగ్య కేంద్రంలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి అతికా. మర్నాడు నేనే అక్కను ఆమె దగ్గరికి తీసుకెళ్లాను.

"టెంపే బంగారంలాంటిది పెద్దమ్మా," అంది అతికా. "మాంసం కొనలేని ఇంట్లో మాంసం చేసే పని అదే చేస్తుంది. బలం, ఇనుము, పీచు, అన్నీ ఉన్నాయి. పులిసింది కాబట్టి ముసలి కడుపులో కూడా ఇట్టే అరుగుతుంది. చేటంతా పైపిండిలోనే ఉంది. నూనె పీల్చేసేది అదే. పెదనాన్నకు టెంపే పెట్టు, పిండి పెట్టకు."

అక్క ముఖం విచ్చుకుంది. ఆవిరి మీద ఉడికించి పెట్టింది. బావ ఒక ముక్క నమిలి, "ఏమే, నేను పోయాక పెట్టాల్సింది ఇప్పుడే పెట్టావా?" అన్నాడు. దాంతో అక్క మళ్లీ మూకుడు ఎక్కించింది. మెండోవాన్ వేసి, వేడి వేడిగా పైపిండి వొలిచి, లోపలి టెంపే ఆయన పళ్లెంలో పెట్టింది. ఉల్లికాడల వాసన కాస్త అంటుకునే ఉంది కదా, ఆయన సణుగుతూనే తిన్నాడు.

మరి వొలిచిన పిండి? పళ్లెంలో అన్నం వదిలితే ఇంట్లో కోడి చచ్చిపోతుందని భయపెట్టి పెంచారు మమ్మల్ని. అక్క ఇంట్లో కోడే లేదు. అయినా పారేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పొయ్యి దగ్గర నిలబడి రోజూ తనే తినేసేది. నేను చూశాను. చూసి నవ్వాను కూడా, నా తెలివి అంతే.

వానలు వెళ్లాక బావకు మళ్లీ రక్తం చూశారు. కొవ్వు దిగింది. ఆయన గెలిచిన కోడిపుంజులా ఛాతీ విరుచుకుని, "మా ఆవిడక్కూడా చూడండి, ఈ మధ్య రెండడుగులేస్తే ఆయాసపడుతోంది," అన్నాడు.

చూశారు. ఆయన దగ్గర దిగిందంతా ఆమె దగ్గర ఎక్కి కూర్చుంది.

"ఏం తింటున్నావు పెద్దమ్మా?" అని అడిగింది అతికా. అక్క తల వంచుకుంది. వెంట వెళ్లిన నేనే చెప్పాను. బావ మొదట పకపకా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో!

"నా జబ్బును నువ్వు తిన్నావా?" అన్నాడు.

"పారేయమంటావా మరి? మంచి పిండి..." అంది అక్క, ఎవరో పిండిని తిట్టినట్టు.

ఇంటికొచ్చాక అక్కను బల్ల మీద కూర్చోబెట్టి, జన్మలో ముట్టని పొయ్యి ముందు తనే కూర్చున్నాడు. చింతపండు పులుసూ తాటిబెల్లమూ కలిపి, అందులో టెంపే ముక్కలు వేసి, చుక్క నూనె లేకుండా నీళ్లింకేదాకా మగ్గించాడు. రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నాడు. అక్క లేవబోతే, "కూర్చోవే! నాకొచ్చు," అని గదిమాడు. ఏమీ రాదని వీధంతటికీ తెలుసు.

పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టి, ఎదురుగా తన పళ్లెం పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినడం నేను చూడలేదు. ఆయన తినేవేళకు ఆమె ఎప్పుడూ మూకుడు దగ్గరే ఉండేది.

అక్క ఒక ముక్క నమిలింది. బావ ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"బెల్లం మరీ ఎక్కువైంది. నీకు చేత కాదు," అంది. ఆ మాటంటూనే తన పళ్లెం ఆయన ముందుకు జరిపింది. "ఇంకో రెండు ముక్కలెయ్యి."