బాగుందన్న వాషింగ్ మెషిన్

బట్టలు పిండడం మానెయ్యాలని డాక్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంట్లో నలుగురం. పిల్లలిద్దరి బడి యూనిఫాంలు, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి గోదాములో సూపర్‌వైజరుగా చేసే మా ఆయన దుమ్ముకొట్టుకుపోయిన చొక్కాలు, దుప్పట్లు, అన్నీ నా చేతుల మీదే తేలాలి. ఇక మానేదెక్కడ? కుడి మణికట్టులో నరం నలిగిపోయిందనీ, ఇలాగే పిండుతూ పోతే చెయ్యి పట్టు తప్పుతుందనీ డాక్టరు మళ్లీ చెప్పాడు. అప్పటికే టీ గ్లాసు చేతిలోంచి జారిపోవడం మొదలైంది. ఆ సాయంత్రం ఇంట్లో వాషింగ్ మెషిన్ మాట ఎత్తాను.

మా ఆయన కాదనలేదు. "కొందాం. గాని జర చూసి కొను. మాటిమాటికి కొనే వస్తువు గాదు," అన్నాడు.

చూడడమంటే ఈ రోజుల్లో ఫోన్లో చూడడమే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో రిసెప్షన్ పని నాది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిగేలోపు రివ్యూలు చదివేదాన్ని. ఒకే మెషిన్‌ను ఒకరు అద్భుతం అంటారు, దాని కిందే మరొకరు డబ్బు దండగ అంటారు. పెట్టె విప్పకముందే, చెప్పిన రోజుకు తెచ్చిచ్చారని మురిసిపోయి ఐదు నక్షత్రాలు పెట్టినవాళ్లున్నారు. వీడియోల్లో ఒకతను ఏ మెషిన్ చూపించినా ఇంతకన్నా మంచిది లేదనేవాడు. చివర్లో కొనడానికి లింకు కింద ఉందని చెప్పేవాడు.

నక్షత్రాల సంగతి నాకు కొత్తేమీ కాదు. మా సెంటర్‌లో కొత్త బ్యాచ్ పిల్లలు చేరగానే, ఐడీ కార్డు చేతికిచ్చే ముందు, ఫోన్ తియ్యమని మా మేనేజరు దగ్గరుండి ఐదు నక్షత్రాలు పెట్టించేవాడు. ఒక్క క్లాసు కూడా వినని పిల్లలు 'ఫ్యాకల్టీ సూపర్' అని రాసి కార్డు మెడలో వేసుకుని వెళ్లేవాళ్లు. రోజూ అది చూసే మనిషిని, మెట్రోలో కూర్చుని ఇంకెవరి నక్షత్రాలనో ఎలా నమ్ముతాను?

పైగా నాకు కావలసింది మా నీళ్లు తెలిసిన మనిషి. మా అపార్ట్‌మెంట్‌లో వాడకమంతా బోరు నీళ్లే. బకెట్లో పట్టి ఉంచితే అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. కుళాయిల మూతులు ఉప్పు పెచ్చులు కట్టి ఉంటాయి. ఎక్కడో పుణేలో, బెంగళూరులో మెషిన్ బాగా తిరిగితే నాకేం ఒరుగుతుంది?

అప్పుడు ఎదురు ఫ్లాట్ అక్క గుర్తొచ్చింది. వాళ్లది గుంటూరు వైపు. మేం ఈ బిల్డింగ్‌లో దిగినప్పటి నుంచీ తోడు. మా చిన్నవాడికి జ్వరమొచ్చి నాకు సెలవు దొరకని రోజుల్లో వాణ్ణి తన ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషి. నేను జొన్న రొట్టెలు చేస్తే ఒకటి వాళ్లింటికి పోవలసిందే. నాకన్నా ముందే ఆమె ముందు తలుపు ఉండే మెషిన్ కొన్నది. వంటింటి వెనక, పూల కవరు కప్పి ఉంటుంది. అదే బిల్డింగ్, అదే ట్యాంకు, అదే బోరు. ఇంతకన్నా మంచి రివ్యూ ఎక్కడ దొరుకుతుందనుకున్నాను.

"అక్కా, మీ మెషిన్ ఎట్లున్నది? నిజం చెప్పు. నేను గూడ గదే తీసుకుందామనుకుంటున్న," అని అడిగాను.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. తెల్ల చొక్కాలు మల్లెపూలల్లే వస్తాయి. మా ఆయన వద్దంటే వద్దన్నారు. నేనే పట్టుబట్టి కొనిపించాను. ఇప్పుడాయనే మంచి పని చేశావంటారు."

"మన బోరు నీళ్లకు ఏం గాదా?"

"ఏమవుతుంది? నేను వాడట్లేదూ? కళ్లు మూసుకుని తీసుకో."

నేను అక్షరాలా అలాగే తీసుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ షోరూంలో సేల్స్ కుర్రవాడు, బోరు నీళ్లయితే ఇది వద్దు మేడం, ఇంకోటి చూడండని మరో మెషిన్ దగ్గరికి తీసుకెళ్లాడు. దాని ధర ఎక్కువ. వాడి కమీషన్ వాడు చూసుకుంటున్నాడనుకున్నాను. అతను నిజంగా నా మంచికే చెప్పాడో, అమ్ముకోవడానికి చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. "మా ఎదురింటామె గిదే వాడుతున్నది," అని చెప్పి బిల్లు చేయించాను.

మొదట్లో హాయిగా గడిచింది. పొద్దున్నే బట్టలు వేసి, వంట చేసుకుంటూ ఆ చప్పుడు వింటుంటే ఎవరో చెల్లెలు వచ్చి పని అందుకున్నట్టు ఉండేది. కొన్నాళ్లకు నల్ల బట్టల మీద తెల్లటి చారలు కనిపించాయి. తువ్వాళ్లు అట్టల్లా బిగుసుకుపోయేవి. సబ్బు ఎక్కువైందేమోనని తగ్గించాను. తర్వాత లోపల్నుంచి కాలిన వాసన. ఒక ఆదివారం పొద్దున దుప్పట్లు వేస్తే, నీళ్లు నిండాక సగంలో ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. మా ఆయన కిందున్న చిన్న పైపు లాగి నీళ్లన్నీ వంపేశాక ఎలాగో తెరుచుకుంది.

తడి దుప్పట్లు పిండబోతే మణికట్టు నుంచి మోచేతి దాకా నొప్పి లేచింది. వాటిని బకెట్లో వేసుకుని ఎదురింటికి నడిచాను. వాళ్ల మెషిన్‌లో ఒక్కసారి తిప్పి నీళ్లు పిండిస్తే చాలు, ఆరేసుకుంటాననుకున్నాను.

తలుపు అక్కే తీసింది. నా చేతిలో బకెట్ చూసి అక్కడే నిలబడింది.

"అక్కా, మా మెషిన్ ఆగిపోయింది. గివి మీదాంట్ల ఒక్కసారి తిప్పిస్తవా?"

"ఇప్పుడా? ఇప్పుడు కుదరదమ్మా... మా ఆయన పడుకున్నారు, చప్పుడవుతుంది."

వాళ్లాయన హాల్లో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన తలెత్తలేదు. ఆ పక్కనే కుర్చీలో వాళ్లత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అది దాచిపెట్టాల్సిన సంగతని ఆవిడకు తెలియదు.

"అది తిరగడం మానేసి ఏడాది దాటిందమ్మాయ్," అన్నదావిడ. "మా కోడలు తెల్లవారకుండా లేచి బాత్రూంలో ఉతుక్కుంటోంది. ఆ ఉప్పునీళ్లకు ఎన్నిసార్లు బాగుచేయించినా నిలవలేదు. నీకు చెప్పలేదూ?"

"అత్తయ్యా, మీరు కాస్త ఊరుకోండి," అన్నది అక్క.

ఏడాది దాటింది. నేను ఆమెను అడిగి ఇంకా ఏడాది కాలేదు. అంటే ఆమె 'మల్లెపూలల్లే' అన్న రోజున, ఆ పూల కవరు కింద ఉన్నది చచ్చిపోయిన మెషిన్.

"మరి నాకెందుకు బాగున్నదని చెప్పినవ్ అక్కా?"

ఆమె గుమ్మం బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. గొంతు తగ్గించింది. "ఏం చెప్పమంటావు? ఆయన్ని కాదని కొనిపించాను. చెడిపోయిన రోజు నుంచీ ఇంట్లో రోజూ అదే సాధింపు. ఆడదాని పెత్తనం ఇలాగే ఉంటుందంటారు. ఇంట్లో పడేది చాలక బయట కూడా చెప్పుకోమంటావా?"

"నేను బయటిదాన్నా?"

"నీకు మంచి పీసు వస్తుందేమో అనుకున్నాను," అన్నది. అని, వంగి నా బకెట్ పట్టుకుంది. "ఇలా ఇవ్వు. నేను పిండి ఆరేస్తాను. నీ చెయ్యి బాలేదు కదా."

నా చెయ్యి బాలేదని ఆమెకు ముందు నుంచీ తెలుసు. ఆ సంగతి గుర్తొచ్చేసరికి బకెట్ లాక్కున్నాను. నీళ్లు ఇద్దరి చీరల మీదా చిందాయి. మేడ మీద మా ఆయన ఒక కొస, నేనొక కొస పట్టుకుని దుప్పట్లు మెలిపెట్టాం. నొప్పికి ఏడ్చానని ఆయన అనుకున్నాడు.

కంపెనీ నుంచి వచ్చిన మెకానిక్ ఉప్పు పేరుకుని హీటరు కాలిపోయిందన్నాడు. ఉప్పు నీళ్లకు వారంటీ వర్తించదని కాగితంలో ఉన్న వాక్యం చూపించి వెళ్లిపోయాడు. ఆ కోపంలోనే నేనూ ఒక రివ్యూ రాశాను. తెలుగులో, బోరు నీళ్ల సంగతంతా వివరంగా. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని ఇంగ్లీషులో జవాబొచ్చింది. పై రివ్యూకూ అదే జవాబు, కింది దానికీ అదే. మరునాటికి నాది ఎక్కడో అడుక్కు జారిపోయింది.

ఎదురింటి అక్కతో ఇప్పుడు మోటారు వేశారా, చెత్తబండి వచ్చిందా అన్నంత వరకే మాటలు. రొట్టె పంపడం ఆగిపోయింది. మా చిన్నవాడు మాత్రం ఇంకా ఆ ఇంటికి వెళ్తాడు. నేను ఆపలేదు.

ఇది జరిగిన కొన్నాళ్లకు మా ఆయన అక్క గడ్డిఅన్నారం నుంచి ఫోన్ చేసింది. వాళ్లూ అదే మెషిన్ కొంటున్నారట, నాదెట్లున్నదని అడిగింది.

"వద్దు వదినా, అస్సలు కొనకుండ్రి. మీది గూడ బోరు నీళ్లే గద. మాది ఖరాబై మూలకు పడ్డది."

"నువ్వు ముందుగాల కొనుక్కున్నవ్. ఇప్పుడు మేం కొంటమంటే ఖరాబైందంటున్నవా?" అన్నది వదిన. నవ్వుతూనే అన్నది. అన్నట్టే కొన్నది కూడా.

తర్వాత వాళ్ల మనవడి పుట్టినరోజుకు వెళ్లాం. వంటింటి వెనక ఆ మెషిన్ నిలబెట్టి ఉంది. తీగ మీద ఆరేసిన నల్ల ప్యాంటుకు పొడుగునా తెల్లటి చారలు. భోజనాల దగ్గర వదిన తోడికోడలు మెషిన్ గురించి అడిగితే, వదిన తడుముకోకుండా, "ఫస్ట్ క్లాస్ ఉన్నది," అన్నది. ఆ తోడికోడలు నా వైపు తిరిగింది.

"నీది గూడ గదేనంట గద చెల్లె. నాకు నడుం నొప్పి, ఉతకనీకి చాతనైతలేదు. ఎట్లున్నది మరి?"

వదిన వడ్డించడం ఆపి నన్ను చూసింది. మా ఆయన కూడా చూశాడు. మంచిగున్నదని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ తోడికోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఖరాబైంది అక్కా. బోరు నీళ్లకు ఆగదు. వదినది గూడ మొదలైంది, ఆ ప్యాంటు చూడు," అన్నాను.

వదిన నా విస్తట్లో పెట్టబోయిన స్వీటు పక్క విస్తట్లో పెట్టి ముందుకు వెళ్లిపోయింది.

తిరిగి వస్తుంటే, బండి కొత్తపేట దాటాక మా ఆయన అన్నాడు: "పదిమందిల మా అక్క ఇజ్జత్ తీసినవ్."

"ఆమె అడిగింది, నేను చెప్పిన."

"మంచిగున్నదంటే నీ సొమ్మేం పోతుండె?"

ఎదురింటి అక్కకు కూడా ఆ రోజు బాగుందంటే పోయిందేమీ లేదు, పోయింది నాకే. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించింది. చెప్పినా అర్థం చేసుకునే కోపంలో లేడు.

ఆ తోడికోడలు చివరికి ఏం కొన్నదో నాకు తెలియలేదు. నా మాట నమ్మిందో, ఓర్వలేక అన్నాననుకున్నదో అదీ తెలియదు. వదిన నాతో మాట్లాడడం మానేసింది కాబట్టి, అడిగి తెలుసుకునే దారి కూడా లేదు.